దువ్వెన పన్ను వెంట వాకాడు దాకా

నెల్లూరు వెళ్ళొచ్చానని తెలియగానే మా తణుకు వీధిలో అందరూ అడిగిన మొదటి మాట, అక్కడి మిఠాయి మలైకాజా తెచ్చారా అని. తేలేదు. పక్కింటావిడైతే ముఖం చిన్నబుచ్చుకుని, "అంత దూరం వెళ్ళి ఉత్తచేతులతో వచ్చారా అండీ?" అంది. ఉత్తచేతులతోనే వచ్చాను. అక్కడ ఏం చేసి వచ్చానో ఆవిడకు చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

నేను జువాలజీ లెక్చరర్‌గా రిటైరయ్యాను. ఉద్యోగంలో తొలి ఏడేళ్ళు కావలిలో గడిచాయి. అప్పటి శిష్యుడు పెంచలయ్య. వాకాడు దగ్గర పల్లెటూరి రైతుబిడ్డ. హాస్టల్లో ఉండి చదివి, తర్వాత తన మండలంలోనే బడిలో సైన్సు మాస్టారయ్యాడు. నాలుగేళ్ళ కిందట నాకొక ఉత్తరం, దానితోపాటు గుడ్డలో పెట్టి కుట్టిన చిన్న హోమియో సీసా పంపాడు. పొలం చివర రొయ్యల గుంట కోసం తవ్విస్తుంటే ఒక పన్ను దొరికిందనీ, అది మీరు క్లాసులో చెప్పిన ఎగిరే లెమూర్‌దేనని గట్టిగా అనిపిస్తోందనీ, చూసి చెప్పమనీ రాశాడు. "అటు పాకిస్తాన్‌లో దొరికాయంట, ఇటు బర్మాలో దొరికాయంట. మధ్యలో మనముండాము గదా మేడమ్" అని చివర ఒక వాక్యం.

ఉత్తరం చదివాను. సీసా విప్పలేదు. పాత శిష్యులు రాళ్ళూ గవ్వలూ పంపుతూనే ఉంటారు, తీరిగ్గా చూద్దాంలే అని బీరువా సొరుగులో పడేశాను. నాకు తీరిక లేక కాదు. మధ్యాహ్నం నిద్ర తప్ప వేరే పని లేని మనిషిని.

ఈ మాఘమాసంలో అతని భార్య కామాక్షి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఆమెను నేనెప్పుడూ చూడలేదు. "మేడమ్ గారికి నమస్కారం. మా ఆయన పోయిన కార్తీకంలో, ఇంకా పళ్ళు దొరుకుతాయని ఆదివారాలు తవ్వే ఆ గుంటలోనే, వానలకు గట్టు విరిగి మీద పడి చనిపోయినాడు. గుంట అట్నే ఉంచినాను. ఊళ్ళో అందరూ పూడ్చమంటున్నారు. ఆ పన్ను ఆయన అనుకున్నదేనా కాదా మీరు చెప్పండి. అదే అయితే ఎవరేమన్నా గుంట పూడ్చను. కాకపోతే పూడ్చేస్తాను."

అప్పుడు విప్పాను సీసా. భూతద్దం కింద పెట్టాను. అది సొరచేప పన్ను.

ఆ మాట పోస్టులో వెయ్యడానికి మనసొప్పలేదు. నాలుగేళ్ళు ఉలకనిదాన్ని, ఇప్పుడొక కార్డుముక్క రాసి చేతులు దులుపుకుంటే మనిషిననిపించుకోను. ఫాల్గుణంలో, ఎండలు ముదరకముందే బయల్దేరాను.

బిట్రగుంట

తిన్నగా గూడూరులో దిగాల్సింది బిట్రగుంటలో దిగాను. ఒకప్పుడు మా కాపురం ఇక్కడే. మావారు గూడ్సు గార్డు. నేను రోజూ పాసింజర్లో కావలి వెళ్ళి పాఠం చెప్పి వచ్చేదాన్ని. పని ఉండి దిగలేదు, వాకాడు చేరే గడియ ఒక పూట వెనక్కి జరుగుతుందని దిగాను. భయపడ్డ మనిషి దారిలో ప్రతి స్టేషన్‌నూ చుట్టమిల్లు చేసుకుంటుంది.

రైల్వే కాలనీలో మేమున్న క్వార్టరుకు తలుపుల్లేవు. పెరట్లో సర్కారు తుమ్మ మొలిచింది. ఎదురుగా ఒక బడ్డీకొట్టు, అందులో నా వయసావిడ పులిబొంగరాలు వేస్తోంది. ఇడ్లీ పిండి పులిస్తే మా వైపు మొహం చిట్లిస్తాం. ఇక్కడ దాన్ని గుంటల పెనంలో పోసి, ఎర్రకారంతో పెట్టి, ఆరేసి ముప్పై రూపాయలకు అమ్ముతున్నారు. బాగున్నాయి, కారానికి మాత్రం కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

"ఏందమ్మా, ఏడస్తా తింటుండావు?" అందావిడ.

"మీ కారానికేలే" అన్నాను. సగం అబద్ధం.

పెంచలయ్య ఆదివారాలు హాస్టల్ నుంచి సైకిలు తొక్కుకుంటూ ఈ క్వార్టరుకే వచ్చేవాడు. ఒక నోటుపుస్తకం నిండా ప్రశ్నలు తెచ్చేవాడు. నేను అన్నం పెడితే తినేవాడు గాని, ప్రశ్నలన్నీ అయ్యేదాకా చెయ్యి కడుక్కునేవాడు కాదు, మెతుకులు వేళ్ళకు ఎండిపోయేవి. మావారు నవ్వి, "వీడికి ముందు జవాబులు వడ్డించవే, తర్వాత చారు పోద్దువు గాని" అనేవారు.

ఆ పాఠం ఏ రోజు చెప్పానో గుర్తులేదు. ఏం చెప్పానో మాత్రం ప్రతి మాటా గుర్తుంది. ఎగిరే లెమూర్ అని పేరేగాని అది ఎగరదు, లెమూరూ కాదు. పిల్లి అంత ఉంటుంది. మెడ దగ్గర నుంచి చేతివేళ్ళ కొసల దాకా, అక్కడి నుంచి తోక చివరిదాకా ఒకటే చర్మం, పరిచిన దుప్పటి మాదిరి. కొమ్మ మీద నుంచి దూకి ఆ చర్మం చాచి, వంద గజాలైనా అవలీలగా జారుకుంటూ పోయి అవతలి చెట్టును పట్టుకుంటుంది. పిల్లను పొట్టకు హత్తుకునే దూకుతుంది. ఆగినప్పుడు తోక చర్మం మడిచి దానికి ఉయ్యాల చేస్తుంది. ఇవాళ ఆగ్నేయాసియా అడవుల్లో తప్ప ఎక్కడా లేదు. ఒకప్పుడు ఇంకా విశాలంగా తిరిగిందని చెప్పడానికి రాళ్ళలో దొరికిన కొన్ని పళ్ళూ దవడ ముక్కలూ సాక్ష్యం.

ఆ పళ్ళలోనే ఉంది వింత. కింది దవడ ముందు పళ్ళు ఒక్కొక్కటీ ఒక్కో దువ్వెన. పన్ను పన్నుకీ చీలికలు. పిల్లలు నమ్మరని బోర్డు మీద జానెడు పన్ను గీసి చూపించాను. గీసి, "ఇలాంటి పన్ను ఇంకే జంతువుకూ ఉండదు" అన్నాను. ఇంకే పాలిచ్చే జంతువుకూ ఉండదు అనాలి. చేపల సంగతి ఆ క్షణాన నా తలకు తట్టలేదు. అసలు పన్ను బియ్యపుగింజంత కూడా ఉండదని చెప్పడమూ మర్చిపోయాను. పెంచలయ్య ఆ వాక్యాన్ని నోటుపుస్తకంలో గీత గీసి మరీ రాసుకున్నాడు. తర్వాత అతనికి దొరికిన పన్ను వేలిగోరంత ఉంది. నా బోర్డు మీద చూసిన దానికన్నా అది చిన్నదే కదా, అనుమానం ఎందుకొస్తుంది?

నెల్లూరు, గూడూరు బస్సు

నెల్లూరులో రాత్రి పడుకుని, పొద్దున్నే కారం దోశ తిన్నాను. దోశకు లోపల పూసేది కారమే, పైన చల్లేదీ కారమే, పక్కన పెట్టే చట్నీలోనూ కారమే. అరవై రూపాయలు. తణుకులో ఇదే దోశ వేస్తే జనం గొడవకొస్తారు. మరోటి గమనించాను. మా వైపు 'అండి' తగిలించకపోతే మాట పూర్తికాదు, ఎదుటివాడు మొహం మాడ్చుకుంటాడు. ఇక్కడ 'అమ్మా', 'అన్నా' తోనే సరిపెడతారు, అయినా ఎక్కడా మర్యాద తక్కువైనట్టు అనిపించలేదు.

గూడూరు బస్సులో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. కోత మిషను కోసం నెల్లూరు వచ్చి దొరక్క తిరిగి వెళుతున్న రైతు. బస్సు కదిలి ఇంకా ఊరు దాటకముందే నా ఊరు, ఉద్యోగం, మోకాళ్ళ నొప్పి, పిల్లల సంఖ్య అన్నీ రాబట్టాడు. ఎందుకొచ్చావని అడిగితే, సగం నిజం చెప్పాను. వాకాడు వైపు ఒక పన్ను దొరికింది, అది ఎగిరే లెమూర్‌దేమోనని అనుకున్నారు, దాని సంగతి చెప్పడానికి వెళుతున్నానని.

"లెమూరంటే?"

చేతులు చాచి చూపించాను. కిటికీ పక్కావిడకు మోచెయ్యి తగిలి తిట్లు తిన్నాను.

"దేవాంగపిల్లా ఏంది?" అన్నాడాయన.

"కాదు. దేవాంగపిల్లి కొమ్మ పట్టుకుని నింపాదిగా నడుస్తుంది, మీ శ్రీహరికోట అడవిలో ఉంది గదా. ఇది చర్మం చాచి జారుతుంది."

"మా పెంచలకోన అడవిలో ఎగిరే ఉడత ఉండాదంటారు. అట్టాంటిదా?"

"అట్టాంటిదే, కాని దానికీ దీనికీ చుట్టరికం లేదు. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నదీ కాదు. ఆసియాలో ఉడతలు వేరేగా, ఆఫ్రికాలో ఇంకో జాతి వేరేగా, ఆస్ట్రేలియాలో సంచిలో పిల్లను మోసేవి వేరేగా, ఎవరి పాటున వాళ్ళు చర్మం చాచడం నేర్చారు. రాక్షసిబల్లులు తిరిగిన రోజుల్లోనే చైనా వైపు ఒక చిన్న జంతువు ఇట్లా జారేది. దాని వంశం ఏనాడో అంతరించింది."

"చర్మం మట్టిలో నిలస్తాదామ్మా?"

"నిలవదు. కుళ్ళిపోతుంది. ఆ చైనా జంతువుకు మాత్రం రాతిలో చర్మం అచ్చు మిగిలింది. అట్లా మిగలడం బహు అరుదు."

"మరి వట్టి పన్ను చూసి, అది ఎగిరిందని మీకెట్టా తెలుస్తాది?"

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఏ విద్యార్థీ ఇంత సూటిగా అడగలేదు. ఇవాళ బతికున్న దాని పన్నుతో పోలుస్తామని, పోలితే అదీ ఇట్లాగే జారి ఉంటుందని అనుకుంటామని చెప్పాను.

"అనుకోవడమేనా? మేము ఎకరాకు ఇన్ని పుట్లు అనుకున్నట్టు" అని నవ్వాడు. నేనూ నవ్వాను. వారం రోజుల్లో అదే మొదటి నవ్వు, చివరిదీ.

గూడూరులో బస్సు మారి, కోట అనే ఊరి వైపు మళ్ళాక కిటికీలోంచి నేల చూస్తూ కూర్చున్నాను. ఎటు చూసినా ఇసుక కలిసిన మట్టి. కోసిన మళ్ళు, వాటి మధ్య రొయ్యల గుంటలు, వాటిలో నీళ్ళు చిమ్ముతూ తిరిగే చక్రాలు. సముద్రం వెనక్కి జరుగుతూ, ఏర్లు మేట వేస్తూ ఏర్పడిన నేల ఇది. భూమి లెక్కలో నిన్నమొన్నటిది, కొన్ని వేల ఏళ్ళ వయసు. ఆ లెమూర్ పళ్ళ వయసు కోట్ల ఏళ్ళు. అంటే సీసా విప్పే పని కూడా లేదు. "ఎక్కడ దొరికింది?" అన్న ఒక్క ముక్క చూసి, కుర్చీలోంచి లేవకుండానే "పెంచలయ్యా, కాదయ్యా" అని ఆనాడే రాసి ఉండొచ్చు.

సముద్రపు ఒడ్డు

వాకాడులో దిగి, కామాక్షి వాళ్ళ ఊరికి ఆటో అడగాల్సిన మనిషిని, సముద్రానికి ఎంత అని అడిగాను. ఆటోవాడు రెండొందల యాభై అన్నాడు. బేరం కూడా ఆడలేదు.

పట్టపువాళ్ళ పల్లె అది, చేపలు పట్టే వాళ్ళది. పడవలన్నీ ఒడ్డుకు లాగి ఉన్నాయి. ఎవరైనా పోయారా అని అడిగాను. చావు జరిగిన రోజు ఊళ్ళో ఎవరూ వేటకు పోరని విన్నాను. చావు కాదు, శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజు, సముద్రంలోకి పోవద్దన్నారు అని చెప్పారు. మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటున్నారు. ఆడవాళ్ళు ఇసుక మీద వలగుడ్డలు పరిచి నెత్తళ్ళు ఎండబెడుతున్నారు. మా గోదావరి వైపు ఎండుచేపలు ఆరేసిన చోట ముక్కు మూసుకుని నడుస్తాం. ఇక్కడ గాలి ఎక్కువ, వాసన నిలవదు.

టీ తాగి డబ్బులివ్వబోతూ చేతిసంచి తలకిందులు చేశాను. మాత్రలు, కళ్ళజోడు, చిల్లర, అన్నీ ఇసుకలో పడ్డాయి. హోమియో సీసా రాయి మీద పడి పగిలింది. పన్ను ఇసుకలో కలిసింది. నేను కూలబడి రెండు చేతులా ఇసుక తోడుతూ ఏడుపు గొంతుతో ఏదేదో అంటున్నాను. నెత్తళ్ళు తిరగేస్తున్న ఒక ముసలావిడ వచ్చి, "లెయ్యమ్మా, తవ్వితే ఇంకా లోపలికి పోతాది" అని నన్ను జరిపి, చేటలోకి ఇసుక ఎత్తి, చెరిగి, నిమిషంలో పన్ను తీసి అరచేతిలో పెట్టుకుంది.

నాకు ఇవ్వలేదు. ఎండలోకి పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది సొర పన్ను. అయ్యవారిది గదా? నీ దగ్గరికి ఎట్టా వచ్చింది?"

ఆవిడ పేరు మస్తానమ్మ. అయ్యవారంటే ఇక్కడ బడి మాస్టారు, పెంచలయ్యే. పెంచలయ్య ఆ పన్నును మొట్టమొదట చూపించింది ఆమెకేనట. దొరికిన వారంలోనే, నాకు పోస్టు చేయకముందే, జేబులో వేసుకుని మోటారు సైకిలు మీద వచ్చాడట.

"చూసిన వెంటనే చెప్పినా. లోతు సొరకు కింది పళ్ళు ఇట్నే ఉంటాయి, రంపం మాదిరి. మా మామ వలలో ఒకసారి పడింది, ఈ చేత్తోనే కోసినా. చెప్తే నవ్వినాడు పిల్లోడు. 'కాదు మస్తానమ్మా, ఇది చెట్టు మీద తిరిగేదాని పన్ను. మా మేడమ్‌కు పంపిస్తా ఉండా. ఆమె కాదంటే చాలు, ఆ రోజే పార పక్కన పడేస్తా' అన్నాడు. మళ్ళా ఏడాది కనబడితే అడిగినా, మీ మేడమ్ ఏమన్నాదని. చూస్తా ఉండారు అన్నాడు. ఇంకో ఏడాది అడిగినా. చూస్తా ఉండారు అన్నాడు." ఆమె సముద్రం వైపు చూసింది. "ఏం చూసిందో ఏమో ఆ తల్లి. బంగారం లాంటి పిల్లోడు పోయినాడు."

అప్పుడు నోరు మూసుకుని పన్ను తీసుకుని లేచి రావచ్చు. ఆమెకు నేనెవరో తెలియదు. కాని చెప్పకుండా ఉండలేకపోయాను.

"ఆ మేడమ్‌ని నేనే" అన్నాను.

మస్తానమ్మ నన్ను తిట్టలేదు. తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసి, "అట్నా" అంది. పన్ను నా చేతిలో పెట్టి, వెళ్ళి మళ్ళీ నెత్తళ్ళు తిరగెయ్యడం మొదలుపెట్టింది. నేను ఇంకో గంట అక్కడే కూర్చున్నాను, ఆమె నా వైపు తిరగలేదు. దక్షిణం వైపు ఆకాశంలో ఒక తెల్లటి గీత లేచింది. పల్లెలో అందరూ లేచి చూశారు. మస్తానమ్మ చూడలేదు, నేనూ చూడలేదు.

కామాక్షి ఇల్లు

నాలుగింటికి వాళ్ళ ఊరు చేరాను. కామాక్షికి నలభై ఉంటాయేమో. సన్నగా, నిటారుగా ఉంది. ఒక్కగానొక్క కూతురు తిరుపతిలో నర్సింగు చదువుతోంది. చెప్పకుండా వచ్చినా నన్ను చూడగానే పోల్చింది. కాలేజీ గ్రూపు ఫోటోలో నా చుట్టూ పెంచలయ్య ఇంకుతో గుండ్రంగా గీసి పెట్టుకున్నాడట.

"రండి మేడమ్. కాళ్ళు కడుక్కోండి" అని చెంబుతో నీళ్ళిచ్చింది.

లోపల ఒక గోడ పొడుగునా చెక్క బల్ల, దాని మీద హార్లిక్స్ సీసాలు, పచ్చడి జాడీలు, ప్లాస్టిక్ డబ్బాలు. ప్రతిదాని మీదా చీటీ అంటించి ఉంది. ఆదివారం, తేదీ, ఎన్ని అడుగుల లోతు. బియ్యం జల్లెడతో మట్టి జల్లించి, మిగిలినదంతా కడిగి ఆరబెట్టి దాచాడు. నేను ఒక్కొక్కటే తీసి చూశాను. గవ్వలు, పీతడెక్కలు, చేప వెన్నుపూసలు, ఇంకా గవ్వలు. నాలుగేళ్ళ ఆదివారాలు. ఏ కాలేజీలోనూ నా విద్యార్థి ఎవడూ ఇంత శుభ్రంగా పని చెయ్యలేదు. నేను కూడా చెయ్యలేదు.

కామాక్షి గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. నేను చివరి సీసా బల్ల మీద పెట్టాక అడిగింది.

"అదేనా మేడమ్? కాదా?"

"కాదమ్మా. సొరచేప పన్ను."

ఆమె తల ఆడించింది. ఏడవలేదు. వచ్చి చాప మీద నా ఎదురుగా కూర్చుంది.

"మీకు ఎప్పుడు తెలిసింది?"

"నీ ఉత్తరం వచ్చాక."

"ఆయన పంపింది ఎప్పుడు?"

"నాలుగేళ్ళయింది."

"మధ్యలో ఆయన ఫోన్ చేసినాడు గదా మీకు. ఇక్కడే, ఈ గుమ్మంలో నిలబడి చేసినాడు. పన్ను బాగుండాది, చూస్తా ఉండా, నువ్వు కానియ్యి అన్నారంట. ఆ రోజు మా ఇంట్లో పాయసం చేసినా."

ఈ సంగతి పైన రాయలేదు. రాయడానికి చెయ్యి రాలేదు. ఫోన్ చేసిన మాట నిజం. నేను టీవీ చూస్తున్నాను. సీసా విప్పలేదని చెప్పడానికి సిగ్గేసి, "చాలా ఆసక్తిగా ఉందయ్యా, కానియ్యి" అన్నాను. పెట్టేశాక మళ్ళీ దాని ఊసే తలవలేదు.

"అప్పటికి సీసా విప్పలేదు కామాక్షీ" అన్నాను.

ఆమె పిల్లలను అడిగినట్టు, మెల్లగా అడిగింది.

"విప్పినాక, అది సొరదని తెలుసుకోను ఎంతసేపు పట్టింది?"

ఆ ఇంట్లో అబద్ధం ఆడే ఓపిక నాకు లేదు.

"ఒక నిమిషం."

కామాక్షి లేచి వంటింట్లోకి పోయింది. గిన్నెల చప్పుడు వినిపించింది. నేను బల్ల కింద పేర్చిన జల్లెడల వైపు చూస్తూ కూర్చుని ఏడ్చాను. ఏడవడానికి నాకు హక్కు లేదని తెలుసు, అయినా ఆగలేదు.

చీకటి పడ్డాక విస్తరి వేసింది. వాళ్ళ పొలంలో పండిన మొలగొలుకుల అన్నం, వంకాయ పులుసుకూర, మజ్జిగ. ఒద్దన్నాను. "మా ఇంటికొచ్చిన మనిషి తినకుండా పోకూడదు. తినండి" అంది. మా వైపు బతిమాలి బతిమాలి వడ్డిస్తారు. ఆమె బతిమాలలేదు. పెట్టింది, ఎదురుగా కూర్చుంది, నేను తినేదాకా లేవలేదు. మెతుకు మిగల్చకుండా తిన్నాను.

చెయ్యి కడుక్కుంటుంటే అంది: "మీ వల్ల పోయినాడని నేను అనను మేడమ్. వాన పడతా ఉంటే దిగొద్దంటే దిగినాడు. అది ఆయన మొండితనం. మీ వల్ల కాదనీ అనను."

పన్ను తీసి ఆమెకు ఇచ్చాను. తీసుకుని, కొంగుతో తుడిచి, పెంచలయ్య ఫోటో ముందున్న కుంకుమ భరిణెలో పెట్టింది. "సొరదైతే ఏంది, ఆయనకు దొరికింది" అంది.

గుంట దగ్గర

పొద్దున్నే ట్రాక్టరు పిలిపించింది. పొలానికి నడిచి వెళ్ళాం. దారిలో నా చెప్పు తెగింది, చేత్తో పట్టుకుని నడిచాను.

గుంట నేననుకున్నదానికన్నా చాలా పెద్దది. నాలుగు వైపులా కొలిచినట్టు తవ్వాడు. ఒక పక్కన దిగడానికి మట్టి మెట్లు కోశాడు, ఆరు మెట్లు, అంచులు ఇంకా చెదరలేదు. ఎదుటి పక్క గట్టు మాత్రం మధ్యలో విరిగి, లోపలికి కూలి ఉంది. అక్కడ ఊరి వాళ్ళు అతని కోసం చేతుల్తో తోడిన గుర్తులు కనబడుతున్నాయి. అడుగున కొంచెం పాచినీళ్ళు. ఉప్పు తేలిన అంచులు తెల్లగా ఉన్నాయి.

ఊళ్ళో పదిమంది దాకా వచ్చి దూరంగా నిలబడ్డారు. ట్రాక్టరు రావడమే జవాబని అందరికీ తెలుసు. ఒక ముసలాయన మాత్రం, "కాదన్నారా?" అని నన్నే అడిగాడు. "కాదు" అన్నాను. "పోనీలే, పూడిపోతాది. గొడ్లు పడతా ఉండాయి" అన్నాడు.

కామాక్షి గంప తీసుకుని, గట్టు మీద పోసి ఉన్న మట్టి ఎత్తింది. పెంచలయ్య తోడి జల్లించి పోసిన మట్టే అది, రాయి గాని గవ్వ గాని లేకుండా, పిండిలా ఉంది. గంప గుంటలోకి వంపింది. కిందికి చేరేదాకా వంగి చూసింది. తర్వాత గంప పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"ఆయన్ని పూడ్చిన రోజు ఊరంతా వచ్చి తలా పిడికెడు మట్టి వేసినారు. మీరు రాలా. ఇప్పుడు వెయ్యండి మేడమ్."

వంగాను. మోకాళ్ళు సహకరించక కూర్చునే వేశాను. ఒక పిడికెడు. ఆమె వైపు చూశాను. ఆమె చూస్తూ నిలబడి ఉంది. ఇంకో పిడికెడు వేశాను. పెంచలయ్యా, కాదయ్యా, సొర పన్ను, ఇక ఆపెయ్యి అన్నాను, పైకే అన్నాను. దూరంగా ఉన్నవాళ్ళకు వినబడిందేమో తెలియదు. కామాక్షి చాలంటుందని వేస్తూనే ఉన్నాను. ఆమె అనలేదు. ట్రాక్టరతను హారన్ కొట్టాక పక్కకు జరిగాను.